పసిపిల్లల తరగతి గది కూడా పని స్థలమే
(రైల్వే, తపాలా ఉద్యోగుల కుటుంబాలు, ఉపాధ్యాయులు పాల్గొన్న విద్యా సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



కరువు భత్యం గురించి, పెన్షన్ గురించి, ఖాళీల భర్తీ గురించి మా ప్రసంగాలను మీరు అనేక పర్యాయాలు విని ఉన్నారు. నేటి విషయం వేరు. ఒకటవ, రెండవ తరగతుల పిల్లలు కూర్చునే గదిని ఏ విధంగా ఏర్పాటు చేయాలి, ఆ గదిలో వారి చేతికి ఏమి పని ఇవ్వాలి అనే విషయంపై మాట్లాడవలసిందిగా నిర్వాహకులు కోరారు. యూనియన్ వారికి పలకా బలపాలతో ఏమి పని అని కొందరికి సందేహం కలుగవచ్చు. మాకు కూడా ఒకప్పుడు ఆ సందేహం ఉండేది. అది ఎట్లా తీరినదో ముందుగా మనవి చేస్తాము.

ఒక చేదు అనుభవం

ఇది ఇరవై ఏండ్లకు పైబడిన మాట. మా శాఖ ఉన్న ఒక జంక్షన్‌లో కాలనీ బడికి సహాయం చేయాలని కార్యవర్గం తీర్మానించింది. చందాలు వసూలయ్యాయి. ఆ సొమ్ముతో మేము చేసినదేమిటి? ముఖద్వారానికి కమాను కట్టించాము. దాతల పేర్లు చెక్కిన రాతి పలకను పెట్టించాము. వార్షికోత్సవాలకు పనికివస్తుందని మైకు సెట్టు కొని ఇచ్చాము. ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది. మేమూ ఘనంగానే ఉపన్యసించాము.

నెల తిరగకముందే ఒక గ్యాంగ్‌మన్ సోదరుడు తన కుమార్తెను వెంటబెట్టుకొని యూనియన్ ఆఫీసుకు వచ్చాడు. ఆ అమ్మాయి మూడవ తరగతి. తండ్రికి చదువు లేదు. బిడ్డ చేతివ్రాతను మాకు చూపించాలని ఆయన ఉబలాటం. కాపీ పుస్తకం తెరిచి చూస్తే నిజంగా ముత్యాల కోవ వలె ఉన్నది. ఎక్కడా కొట్టివేత లేదు. మేము సంతోషించి, "ఏదీ తల్లీ, ఈ వాక్యం చదువు" అన్నాము. అమ్మాయి తల వంచుకున్నది. "పోనీ, ఈ ఒక్క మాట" అన్నాము. చదవలేదు. తన చేతితో తాను వ్రాసిన పుటలో ఒక్క మాట కూడా ఆ పసిదానికి తెలియదు. మూడేండ్లపాటు నల్లబల్ల మీద కనబడిన గీతలను చూచి గీతలు గీసింది, అంతే.

తండ్రి మా ముఖాలలోకి చూశాడు. "బాగా వ్రాస్తున్నది కదన్నా, మరి చదువు రాలేదా?" అన్నాడు. ఆయనకు మేము సమాధానం చెప్పలేకపోయాము. గేటు దగ్గర మా పేర్లు చెక్కి ఉన్నాయి. ఆ పేర్లను ఆ పిల్ల చదువలేదు.

మరునాడు ఆ తరగతి గదిలోకి వెళ్ళాము. కమాను కట్టించినవారమే గాని, అంతకుముందు ఆ గదిలోకి అడుగు పెట్టిన వారము కాము. ఒకటి, రెండు తరగతులు కలిపి ఒకే గది, ఒకే ఉపాధ్యాయిని. పెద్ద పిల్లల కొలతకు చేసిన బల్లలు, వాటిపై కాళ్ళు నేలకు అందక వేలాడుతున్న పసివారు. అక్షరమాల పటం మనిషెత్తుకు పైన వ్రేలాడుతున్నది. మూలనున్న ఇనుప బీరువాకు తాళం. అందులో ఏమున్నదని అడిగితే, 1987లో ఆరంభమైన ఆపరేషన్ బ్లాక్ బోర్డు పథకం క్రింద వచ్చిన బోధన సామగ్రి అని చెప్పారు. పోతే లెక్క చెప్పవలసి వస్తుందనే భయంతో దానిని ఎవరూ పిల్లల చేతికి ఇవ్వలేదు. ఉపాధ్యాయిని గొంతు బొంగురుపోయి ఉన్నది. తప్పు ఆమెది అనడానికి మాకు నోరు రాలేదు. రెండు తరగతులను ఒక్క గొంతుతో నడిపించమని ఆమెను అక్కడ నిలబెట్టినవారు వేరు.

పని స్థలంగా చూడండి

ఆ గదిలో నిలుచున్నప్పుడు మాకు ఒక విషయం స్ఫురించింది. ఇదే మన ఆఫీసు అయితే మనము ఒప్పుకొనేవారమా?

ఆర్.ఎం.ఎస్.లో పనిచేసిన సోదరులకు సార్టింగ్ కేసు సంగతి తెలుసు. గూళ్ళు చేతికి అందే ఎత్తులో ఉండాలి. ప్రతి గూటికీ పేరు ఉండాలి. దీపం నీడ చేతి మీద పడకూడదు. ఎక్కువగా వచ్చే ఊళ్ళ గూళ్ళు దగ్గరగా ఉండాలి. రైల్వే సోదరులకు కేబిన్ సంగతి, పనిముట్ల పెట్టె సంగతి తెలుసు. ఏ పనిముట్టు ఎక్కడ ఉండాలో అక్కడ లేకపోతే పని సాగదు. గాలి, వెలుతురు, మంచినీరు, మరుగుదొడ్డి, విశ్రాంతి, చేతికందే పనిముట్టు, భరించగలిగినంత పనిభారం. వీటి కోసమే గదా మన సంఘాలు పుట్టినవి!

ఆరేండ్ల పిల్లవానికి తరగతి గది పని స్థలం. నేర్చుకొనడం అతని పని. అతనికి యూనియన్ లేదు, వినతిపత్రం వ్రాయడం రాదు. అతని పక్షాన ఆ గదిని తనిఖీ చేయవలసినది మనమే. ఈ సదస్సులో మేము చెప్పదలచిన మాట ఇదొక్కటే. మిగిలినదంతా దాని వివరణ.

మార్గం చూపినవారు

ఇది మేము కనిపెట్టినది కాదు. 1907 జనవరి 6వ తేదీన ఇటలీలోని రోము నగరంలో మరియా మాంటిస్సోరి తన మొదటి బాలగృహాన్ని ప్రారంభించింది. ఎక్కడ? సంపన్నుల పేటలో కాదు. రైల్వే లైన్ల ప్రక్కన ఉన్న సాన్ లోరెంజో అనే కార్మికవాడలో. తల్లిదండ్రులు పనికి పోగా ఇంటి వద్ద మిగిలిన పిల్లల కోసం. పిల్లల ఎత్తుకు తగిన బల్లలు, వారి చేతికందే అలమరలు, ఎవరి పని వారు తీసి, చేసి, తిరిగి సర్దిపెట్టే పద్ధతి అక్కడ రూపొందినవి. ఆమె 1939లో మద్రాసు వచ్చి అడయారులో మన దేశపు ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చింది. కార్మికుల పిల్లల కోసం పుట్టిన ఆ పద్ధతి నేడు అనేక చోట్ల పెద్ద ఫీజులు చెల్లించగలవారి సొత్తుగా మారడం మనము ఆలోచించవలసిన విషయం.

గుజరాతులో గిజుభాయి బధేకా న్యాయవాద వృత్తి విడిచి, 1920లో భావ్‌నగర్‌లో బాలమందిరం స్థాపించాడు. ఆయన 'దివాస్వప్న'లో ఒక ఉపాధ్యాయుడు ఎంతో ఆలోచించి తెచ్చిన పథకం మొదటి రోజే తలక్రిందులవుతుంది. పిల్లలు నిశ్శబ్దంగా కూర్చోరు సరిగదా, గోల చేస్తారు. అతడు నిరాశపడక, కథలతో తిరిగి ప్రారంభిస్తాడు. కొత్త పద్ధతి మొదటి వారంలో గందరగోళంగా కనబడితే కంగారుపడే తల్లిదండ్రులు ఈ సంగతి జ్ఞాపకం ఉంచుకోవాలి.

మన తెలుగునేల విషయానికి వస్తే, 1980లలో ఆరంభమై 1989 తరువాత ఉమ్మడి రాష్ట్రమంతటా విస్తరించిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకాన్ని పాత ఉపాధ్యాయులు మరువలేదు. ఏ.పి.పి.ఇ.పి. అని పిలువబడిన ఆ పథకం బ్రిటిష్ ప్రభుత్వ సహాయంతో నడిచింది. చేసి నేర్చుకొనడం, ఒంటరిగాను, జట్టుగాను, తరగతి అంతా కలిసియు పని చేయడం, పిల్లవాని శక్తిలోని తేడాలను గమనించడం, పరిసరాలను ఉపయోగించుకొనడం, పిల్లల పనిని గోడలపై ప్రదర్శించి గదిని ఆకర్షణీయంగా ఉంచడం దాని సూత్రాలు. అదే కాలంలో మదనపల్లె సమీపాన రిషివ్యాలీ గ్రామీణ విద్యాకేంద్రం, ఒకే ఉపాధ్యాయుడు అనేక తరగతులను నడిపే చిన్న బడుల కోసం మెట్ల పద్ధతిని, కార్డులను రూపొందించింది. దాని ప్రేరణతోనే కర్ణాటకలో నలి-కలి, తమిళనాడులో కృత్యాధార బోధన వెలసినవి. కాబట్టి, ఇవన్నీ విదేశాలలో సాగుతాయిగాని మన బడులలో సాగవు అనే వాదన నిలువదు.

గది ఏర్పాటు

ఇక ఆచరణకు వద్దాము. సాధారణంగా మనకు దొరికేది ఇరవై అడుగుల పొడవు, పదహారు అడుగుల వెడల్పు ఉన్న గది. ముప్పైమంది పిల్లలు. అందులో పెద్ద బల్లలు వేస్తే నడవడానికే చోటు ఉండదు. కనుక మొదటి పని బల్లలను పై తరగతులకు పంపి, శుభ్రమైన చాపలు లేదా జంపఖానాలు పరచడం. నాలుగైదు పొట్టి పీటలు ఉంటే వ్రాతపనికి చాలు.

రెండవది, గోడ చుట్టూ నేల నుండి ఒక అడుగు ఎత్తున మొదలై మూడడుగుల వరకు నల్లరంగు పట్టీ వేయించడం. ప్రతి పిల్లవానికి ఆ పట్టీలో ఒక గడి. దానిపై అతని పేరు. అది అతని సొంత నల్లబల్ల. ఉపాధ్యాయిని ఒకసారి గది చుట్టూ నడిస్తే చాలు, ఎవరికి ఏమి వచ్చునో, ఎవరు ఎక్కడ ఆగిపోయారో తెలుస్తుంది. ముప్పై పలకలు చేతికి తీసుకొని చూడనక్కరలేదు. దీనికి అయ్యే ఖర్చు మా కమాను ఖర్చులో పదవవంతు కూడా కాదు.

మూడవది, గదిని మూలలుగా విభజించడం. వెలుతురు బాగా ఉన్న కిటికీ దగ్గర పుస్తకాల మూల. అక్కడ పుస్తకాలను వీపులు కనబడేటట్లు గాక, అట్టలు కనబడేటట్లు దారం మీద వ్రేలాడదీయాలి. ఆరేండ్ల పిల్లవాడు బొమ్మను చూచి పుస్తకాన్ని ఎంచుకుంటాడు. రెండవ మూల లెక్కల సామానుకు. మూడవది బంకమట్టి, రంగులు, కత్తిరింపులకు. ఇది గుమ్మం దగ్గర, నీటికి సమీపంలో ఉండాలి. నాలుగవది ఆటల అంగడికి, అనగా పిల్లలు పోస్టాఫీసు, టికెట్టు కిటికీ, కూరగాయల దుకాణం ఆడుకునే చోటు. మధ్యభాగం ఖాళీగా ఉంచాలి. అందరూ గుండ్రంగా కూర్చొని కథలు చెప్పుకొనడానికి అది కావాలి.

నాలుగవది, సామాను పెట్టే అర. పిల్లవాని భుజం ఎత్తును మించరాదు. తాళం ఉండరాదు. ఒక్కొక్క పళ్ళెంలో ఒక్కొక్క పనికి కావలసిన సామాను మాత్రమే ఉండాలి. పళ్ళెంపైనా, అరపైనా ఒకే బొమ్మ అతికించాలి. చేప బొమ్మ పళ్ళెం చేప బొమ్మ ఉన్న అరలోకే తిరిగి వెళ్ళాలి. చదువు రాని పిల్లవాడు కూడా దీనిని పాటించగలడు. సార్టింగ్ కేసు సూత్రం ఇదే గదా!

హాజరు పట్టిక మరొక ముఖ్య విషయం. తలుపు ప్రక్కన గుడ్డ సంచుల పట్టీ ఒకటి తగిలించి, ప్రతి పిల్లవాని పేరు వ్రాసిన అట్టముక్కలను క్రింద పెట్టెలో ఉంచాలి. ఉదయం వస్తూనే తన పేరును తానే వెదికి తన సంచిలో ఉంచాలి. మన మస్టరు వంటిదే. పిల్లవాడు మొదట చదివే మాట తన పేరు. రెండవది తన స్నేహితుని పేరు. పాఠం మొదలు కాకముందే చదువు మొదలైపోతుంది.

సామాను, అక్షరాలు, అంకెలు

సామాను కొనవలసినది బహు స్వల్పం. చింతగింజలు, గవ్వలు, సీసా మూతలు, చీపురు పుల్లలు, పాత క్యాలెండరు కాగితాలు, అగ్గిపెట్టెలు, మన ఇండ్లకు వచ్చిన పాత కవర్లు. ఇక్కడ రెండు హెచ్చరికలు. ఆఫీసు సామాను ఒక్క కాగితమైనా ఈ పేరుతో బయటికి రాకూడదు. ఇక, చూడ ముచ్చటగా ఉన్నాయని గురివింద గింజలను, ఆముదపు గింజలను లెక్కలకు ఎన్నడూ వాడకూడదు. అవి విషం. నమిలితే ప్రాణాపాయం.

అక్షరాల విషయం. మన పిల్లలకు అ ఆ ఇ ఈ అని వరుసగా యాభై పైచిలుకు అక్షరాలను వల్లె వేయించి, అవన్నీ వచ్చిన తరువాతనే మాట చూపించే అలవాటు ఉన్నది. ఘ, ఝ వంటి అరుదైన అక్షరాల వద్ద నెలలు గడిచిపోతాయి. అంతవరకు పిల్లవానికి చదువు అంటే అర్థం లేని ధ్వని. దీనికి బదులు త, ల, వ, ప, డ, గ, మ, ర అనే ఎనిమిది అక్షరాలతో మొదలుపెట్టండి. వాటితోనే తల, వల, మర, పడవ, గడప, మడత వస్తాయి. సున్న చేర్చితే గంప, పగడం, లవంగం వస్తాయి. రెండవ వారానికే పిల్లవాడు అర్థమున్న మాట చదువుతాడు. బొమ్మ ఒక కార్డు, మాట ఒక కార్డు. రెండింటినీ జత చేయడం ఒక పళ్ళెం పని. అక్షరాల కార్డులతో ఆ మాటను కూర్చడం మరొక పళ్ళెం పని. తరువాత గుణింతం. ఒక అట్టకు గడి కత్తిరించి, వెనుక జరిపే పట్టీపై తలకట్టు, దీర్ఘం, గుడి మొదలైనవి వ్రాస్తే, పిల్లవాడు పట్టీని జరుపుతూ ధ్వని మారడాన్ని తానే కనుగొంటాడు. చూచివ్రాత చివరన రావాలి, మొదట కాదు. ఆ గ్యాంగ్‌మన్ కూతురి కాపీ పుస్తకం మాకు నేర్పిన పాఠం ఇది.

లెక్కల విషయంలో తపాలా ఉద్యోగులకు ఒక విద్య సహజంగా వచ్చు: కట్టలు కట్టడం. పది పుల్లలు ఒక కట్ట. పది కట్టలు ఒక పెద్ద కట్ట. నలభై ఏడు అనగా నాలుగు కట్టలు, ఏడు విడి పుల్లలు. ఇరవై మూడులో నుండి ఎనిమిది తీయవలసినప్పుడు ఒక కట్ట విప్పితేనే సాధ్యమని పిల్లవాని చేతికే తెలుస్తుంది. 'అప్పు తెచ్చుకొనడం' అని మనము బట్టీ పట్టిన మాటకు అప్పుడు అర్థం కలుగుతుంది. రెండవ తరగతిలో పాత కవర్ల సార్టింగ్ ఆట పెట్టవచ్చును. 1972 ఆగస్టు 15న ప్రవేశపెట్టిన పిన్ కోడులో ఆరు అంకెలు ఉన్నాయి. మొదటి అంకెను బట్టి కవర్లను గూళ్ళలో వేయడం, 5తో మొదలయ్యేవి ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటకలకు చెందినవని తెలుసుకొనడం, తన ఊరి సంఖ్యను గుర్తుపట్టడం ఏడేండ్ల పిల్లలకు ఎంతో సరదా. అగ్గిపెట్టెల రైలు కట్టి, ఎన్నవ పెట్టెలో ఎందరున్నారు, ఒక స్టేషనులో ఎందరు దిగారు అని ఆడితే కూడికలు, తీసివేతలు వాటంతట అవే వస్తాయి. తండ్రి పని, తల్లి పని బడిలోకి ప్రవేశించిన నాడు ఆ పిల్లలు బడిని తమదిగా భావించడం మేము కళ్ళారా చూశాము.

దినచర్య, జట్లు

ఉదయం ఇరవై నిమిషాలు అందరూ గుండ్రంగా కూర్చొని ముచ్చట. నిన్న ఎవరి ఇంట్లో ఏమి జరిగింది, ఎవరి నాన్న డ్యూటీ నుండి ఎప్పుడు వచ్చాడు. ఇంటి భాషలో, ఇంటి యాసలో చెప్పనివ్వాలి. దిద్దకూడదు. బదిలీల వలన మన కాలనీలలో ఒరియా, హిందీ, తమిళం, లంబాడీ మాట్లాడే పిల్లలు ఉంటారు. ఖరగ్‌పూర్ వంటి చోట మన తెలుగు పిల్లలే ఆ స్థితిలో ఉన్నారు. నోరు విప్పని పిల్లవానికి ఏ అక్షరమూ అబ్బదు.

తరువాత జట్టు పని. ముప్పైమంది అయితే ఆరుగురి చొప్పున ఐదు జట్లు. ఒక జట్టు ఉపాధ్యాయిని వద్ద కొత్త విషయం నేర్చుకుంటుంది. మిగిలిన నాలుగు మూలలలో నాలుగు జట్లు తెలిసిన పనిని తామే చేసుకుంటాయి. ఇరవై నిమిషాలకు గంట, జట్లు మారుతాయి. ఒకటి, రెండు తరగతులు ఒకే గదిలో ఉన్నా ఇబ్బంది లేదు, ఏలననగా ఎవరి మెట్టు వారిది. మధ్యలో నీరు, మూత్రవిసర్జన, పాట, పరుగు ఉండాలి. ఆ వయస్సులో గంటసేపు కదలకుండా కూర్చోబెట్టడం శిక్షగాని శిక్షణ కాదు. చివరి పది నిమిషాలు సర్దుబాటు. ఎవరి పళ్ళెం వారు అరలో పెట్టనిదే బడి వదలరాదు.

ఉపాధ్యాయిని వద్ద ఒక పుస్తకం ఉండాలి. ఒక్కొక్క పిల్లవానికి ఒక్కొక్క పుట, వారానికి ఒక్క పంక్తి. 'పడవ, గడప చదివాడు. మ, య తేడా తెలియదు', అంతే. మార్కులు వద్దు.

మేము నేర్చిన రెండవ పాఠం

ఆ జంక్షన్ బడిలో ఈ ఏర్పాటు చేయించడానికి మాకు ఒక వేసవి పట్టింది. వడ్రంగం తెలిసిన వర్క్‌షాపు సోదరులు సెలవు రోజులలో వచ్చి తమ సొంత పనిముట్లతో అరలు చేశారు. మహిళా సభ్యులు కార్డులు వ్రాశారు. ఉపాధ్యాయిని మొదట సందేహించినా, తరువాత మా అందరినీ మించిపోయింది. సంవత్సరాంతానికి ఆ తరగతిలో అధికసంఖ్యాకులు చిన్న కథను చదువగలిగారు. ముగ్గురు చదువలేకపోయారు. ఆ ముగ్గురూ తరచుగా బడి మానవలసి వచ్చినవారు. ఆ గ్యాంగ్‌మన్ కుమార్తె సాయంకాలం తన తమ్ముని కోసమని వచ్చి, ఒకటవ తరగతి కార్డులతో పాటు కూర్చొని, నాలుగు నెలలలో చదువు పట్టుకున్నది.

అయితే మరుసటి ఏడాది ఉపాధ్యాయినికి బదిలీ అయింది. కొత్తగా వచ్చినవారికి ఈ పద్ధతి సంగతి ఎవరూ చెప్పలేదు. బల్లలు తిరిగి వచ్చాయి. పళ్ళాలు బీరువాలోకి వెళ్ళాయి. తాళం పడింది. మేము అప్పుడు ఒక ఆందోళనలో నిమగ్నమై ఉండి, ఆరు నెలల తరువాతగాని చూడలేదు. మన శాఖలో స్టేషన్ మాస్టరు మారితే రైళ్ళు ఆగిపోతాయా? చార్జి పుస్తకం ఉంటుంది. ఏది ఎక్కడ ఉన్నదో, ఏ పని ఎంతవరకు వచ్చినదో వ్రాసి సంతకం చేసి అప్పగిస్తారు. తరగతి గదికి మాత్రం మేము అటువంటి పుస్తకం పెట్టలేదు. లోపం మాది. నాటి నుండి మేము ఏ బడికి సహాయం చేసినా మొదటి షరతు ఇదే: సామాను పట్టిక, గది పటం, పిల్లల పురోగతి పుస్తకం, ఈ మూడూ వ్రాతపూర్వకంగా ఉండాలి, పాఠశాల కమిటీ సమక్షంలో చేతులు మారాలి.

రెండు ఆక్షేపణలు

మన సభ్యులే రెండు ఆక్షేపణలు చెబుతారు. మొదటిది, "బడికి పంపేది ఆడుకోవడానికా?" అని. ఆ అన్నదమ్ములను మేము కోరేది ఒక్కటే. ఒక గంట ఆ గదిలో కూర్చోండి. గింజలను పదులుగా విడదీస్తున్న పిల్లవాని ముఖం చూడండి. అది ఆట అని మీకు తోస్తే, పని అంటే ఏమిటో మనకు చెప్పండి.

రెండవది, "ఇది ప్రభుత్వం చేయవలసిన పని. మన చేతి డబ్బు ఎందుకు పెట్టాలి?" అని. ఈ ఆక్షేపణలో న్యాయం ఉన్నది. మన చందాలు ప్రభుత్వ బాధ్యతకు ప్రత్యామ్నాయం కాకూడదు. 2009లో చేయబడి 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ఏమంటున్నదో తెలుసుకోండి. కృత్యాల ద్వారా, అన్వేషణ ద్వారా, పిల్లలకు అనుకూలమైన రీతిలో బోధన జరగాలని 29వ సెక్షన్ చెబుతున్నది. సాధ్యమైనంతవరకు మాతృభాషలో బోధించాలని కూడా అందులోనే ఉన్నది. ప్రాథమిక పాఠశాలలో అరవైమంది పిల్లల వరకు ఇద్దరు ఉపాధ్యాయులు, ప్రతి బడిలో గ్రంథాలయం, ఆట సామగ్రి ఉండాలని షెడ్యూలులో ఉన్నది. మంజూరైన ఉపాధ్యాయ పోస్టులలో పదిశాతానికి మించి ఖాళీలు ఉండరాదని 26వ సెక్షన్. జనాభా లెక్కలు, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప ఇతర పనులకు ఉపాధ్యాయులను పంపరాదని 27వ సెక్షన్. ఇవి దయతో ఇచ్చేవి కావు, చట్టం ఇచ్చినవి.

చట్టంలో లోపమూ ఉన్నది. అది ఆరేండ్ల నుండి పద్నాలుగేండ్ల వరకే హక్కు కల్పించింది. మూడేండ్లు నిండిన పిల్లల పూర్వ ప్రాథమిక విద్యకు ప్రభుత్వం ఏర్పాటు 'చేయవచ్చును' అని 11వ సెక్షన్‌లో ఉన్నది గాని, 'చేయవలెను' అని లేదు. 2020 విద్యా విధానం మూడు నుండి ఎనిమిదేండ్ల వయస్సును ఒకే పునాది దశగా గుర్తించింది. 2023లో ఆ దశకు 'జాదుయీ పిటారా' పేరుతో ఆట సామగ్రి పెట్టెను కూడా విడుదల చేశారు. సంతోషమే. అయితే పెట్టెలు రావడం మనకు కొత్త కాదు. పెట్టెను తెరిచే ఉపాధ్యాయులు, వారికి శిక్షణ, వారికి తగిన వేతనం ఉన్నాయా అన్నదే ప్రశ్న. అంగన్‌వాడీ సోదరీమణుల కోరికలు కూడా ఈ ప్రశ్నలో భాగమే. 1975 నుండి దేశంలో పసిపిల్లల భారం మోస్తున్నవారు నేటికీ గౌరవ వేతనంపై పనిచేయవలసి రావడం మన సమాఖ్య అంగీకరించలేని విషయం.

శాఖల కర్తవ్యం

కనుక శాఖలకు మా విజ్ఞప్తి ఇది.

ఒకటి: ప్రతి శాఖ తన పరిధిలోని ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ పాఠశాలల యాజమాన్య కమిటీలలో మన సభ్యులైన తల్లిదండ్రులు ఉండేటట్లు చూడాలి. 21వ సెక్షన్ ప్రకారం కమిటీలో నాలుగింట మూడువంతులు తల్లిదండ్రులు, సగంమంది స్త్రీలు ఉండాలి. డ్యూటీల వలన మనవారు వెళ్ళలేకపోతున్నారు. మన ఇంటి స్త్రీలను పంపండి.

రెండు: ఒకటవ, రెండవ తరగతి గదులను పైన చెప్పిన కొలతలతో తనిఖీ చేసి, లోపాల జాబితా తయారుచేయాలి. ఉపాధ్యాయులపై ఫిర్యాదుగా కాదు, వారితో కలిసి. వారు కూడా మనవంటి ఉద్యోగులే. ఖాళీల భర్తీకై వారు చేసే పోరాటం మన పిల్లల పోరాటం.

మూడు: రంగు, చాపలు, అరలు వంటి చిన్న పనులను శ్రమదానంతో చేయవచ్చును. గదులు, ఉపాధ్యాయులు, నీరు, మరుగుదొడ్లు మాత్రం సంబంధిత అధికారుల నుండి సాధించాలి. రెండింటినీ కలగాపులగం చేయకూడదు.

నాలుగు: మూరుమూల స్టేషన్లలో, లైన్ ప్రక్క క్వార్టర్లలో ఉన్న ట్రాక్ సిబ్బంది పిల్లలను, గ్రామీణ డాక్ సేవకుల పిల్లలను మొదట లెక్కలోకి తీసుకోవాలి. కాలనీలో ఉన్నవారికి ఏదో ఒక బడి ఉన్నది. వారికి అదీ లేదు.

సోదర సోదరీమణులారా! ఆ కమాను ఇంకా అక్కడ ఉన్నది. మా పేర్లు కూడా ఉన్నాయి. దానికింద నుండి వెళ్ళే పిల్లలు మూడవ తరగతికి వచ్చేనాటికి ఆ పేర్లను చదువగలగాలి, చదివి, వీరు మాకేమి చేశారని అడుగగలగాలి. అప్పుడు సమాధానం చెప్పగల స్థితిలో మనము ఉండాలి.